చలి అనుకున్నా.. షుగర్‌ పడిపోయింది!

కాకినాడ ఉప్పుటేర్లు చూస్తూ పెరిగిన ఓ రిటైర్డ్‌ టీచర్‌ ఆవిడ. వయసు 62. కూతురి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు, సముద్రపు నీటికుక్కల్ని చూడటానికి కయాక్‌ ఎక్కారు. బయల్దేరే ముందు ఆరోగ్యం గురించి అడిగిన ఒక్క ప్రశ్నకు మాత్రం నిజం చెప్పలేదు. ఆ తర్వాత ఏమైందో ఆవిడ మాటల్లోనే..

‘‘అమ్మా, నువ్వు కూర్చునే ఉంటావు. మోకాళ్లకు పనే లేదు’’ అంది మా అమ్మాయి. నన్ను ఒప్పించింది ఆ ఒక్క మాటే.

సన్నీవేల్‌లో మాకది నాలుగో నెల. పొద్దున్నే అల్లుడు, అమ్మాయి ఆఫీసులకీ, మనవడు స్కూలుకీ వెళ్లిపోతే సాయంత్రం దాకా ఇల్లంతా నిశ్శబ్దం. కాకినాడలో ఉండగా రోజూ గంటసేపు నడిచేదాన్ని. ఇక్కడికొచ్చాక చలి అనీ, దారి తెలీదనీ, మోకాళ్లనీ ఏదో ఒక సాకు. చూస్తుండగానే నాలుగు కిలోలు పెరిగాను. మావారైతే సోఫాకి అతుక్కుపోయారు. అది చూసి చూసి, ఓ శనివారానికి అమ్మాయి కయాకింగ్‌ టికెట్లు కొనేసింది. దానికీ, నాకూ. ఈతరాని మావారు, మనవడితో పాటు ఒడ్డునే ఉంటానన్నారు. నిజానికి ఈత నాకూ రాదు.

అమెరికాలో ఓ ఉప్పుటేరు

మేం వెళ్లింది మాంటెరే అఖాతం ఒడ్డున, శాంటాక్రూజ్‌కీ మాంటెరేకీ నడుమ ఉన్న మాస్‌ లాండింగ్‌ అనే చిన్న రేవుకి. అక్కడ ఎల్క్‌హార్న్‌ స్లూ అని ఓ నీటిపాయ సముద్రంలోంచి దాదాపు 11 కిలోమీటర్లు లోపలికి వెళ్తుంది. పోటుకి నిండుతుంది, ఆటుకి తీస్తుంది. రెండు గట్లకీ బురద, ఉప్పునేలలో పెరిగే గడ్డి. ‘ఓసి, ఇది మన ఉప్పుటేరే కదా!’ అనుకున్నాను. మన కోరింగలో మడచెట్లు ఉంటాయి, ఇక్కడ గడ్డి ఉంది. అంతే తేడా.

ఆ రేవు ముందు నుంచే సముద్రం అడుగున మాంటెరే కాన్యన్‌ అనే పెద్ద లోయ మొదలవుతుందట. ఈ తీరంలో అడుగునుంచి పైకి తేలే చల్లటి నీరు బోలెడన్ని పోషకాల్ని మోసుకొస్తుంది. అందుకే ఇక్కడ అన్ని జీవాలు. కారు దిగగానే వినిపించింది రేవులో సీ లయన్ల గోల. చెక్క వంతెనల మీద ఒకదాని మీద ఒకటి పడి, పెళ్లింట్లో చుట్టాల్లా అరుచుకుంటున్నాయి. మనవడు ఇక అక్కణ్నుంచి కదిలితే ఒట్టు.

నేను కొట్టిన టిక్కు

నీళ్లలోకి దిగే ముందు ఓ కాగితం చేతికిచ్చారు. పేరు, వయసు, ఈత వచ్చా.. ఆ తర్వాత మధుమేహం, గుండెజబ్బు, మూర్ఛ, భుజం లేదా నడుము నొప్పి, వాడుతున్న మందులు.. ఇలా ఓ వరస. ఈత రాదని నిజమే రాశాను. దానికేం పర్లేదన్నారు. మధుమేహం దగ్గర కలం ఆగింది.

నాకు పదకొండేళ్లుగా షుగర్‌ ఉంది. మెట్‌ఫార్మిన్‌తో పాటు పొద్దున ఓ గ్లిమెపిరైడ్‌ మాత్ర కూడా వేసుకుంటాను. ఆ సంగతి రాస్తే ఒడ్డునే ఆపేస్తారేమో, టికెట్ల డబ్బు దండగవుతుందేమో, అమ్మాయి మొహం చిన్నబోతుందేమో.. ఇన్ని ఆలోచనలు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఎవరూ నన్ను ‘పెద్దావిడ, జాగ్రత్త’ అనకుండా ఎక్కడికో తీసుకెళ్తున్నారు. ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టేశాను.

చేసిన తప్పు అదొక్కటే కాదు. నీళ్ల మీద మూడు గంటలు, బాత్రూమ్‌ ఉండదు అన్న బెంగతో పొద్దున రెండు ఇడ్లీలు పెడితే సగం తిని వదిలేశాను. మాత్ర మాత్రం అలవాటు ప్రకారం వేసేసుకున్నాను.

చేతులతో కాదు, నడుముతో

మొత్తం ఎనిమిది మందిమి. ఇద్దరికో పడవ. గైడ్‌ పాతికేళ్ల అమ్మాయి. కయాక్‌ అంటే పడవ లోపల కాళ్లు దూర్చి కూర్చోవాలేమో అనుకున్నాను. ఇవి పైన కూర్చునే రకం. బోల్తా పడినా లోపల ఇరుక్కుపోయే భయం లేదు. ముందు లైఫ్‌జాకెట్‌ వేయించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూసింది. గడ్డం దాకా లేస్తే వదులైనట్టు. మళ్లీ బిగించింది. చీర, జీన్స్‌, నూలు బట్టలు వద్దని అమ్మాయి ముందే చెప్పింది. తడిస్తే ఆరవు, ఒంట్లో వేడిని లాగేస్తాయి. పైన తడవని జాకెట్‌, ప్యాంటు వాళ్లే ఇచ్చారు.

‘‘ఇక్కడి నీళ్లు చాలా చల్లన. పడిపోతే మొదటి నిమిషం ఊపిరి ఎగదన్నుతుంది. అప్పుడు ఈదాలని చూడొద్దు. పడవ పట్టుకుని, జాకెట్‌ మీద తేలుతూ, ఊపిరి నెమ్మదించేదాకా ఆగండి. నేను వస్తాను’’ అని చెప్పింది. చల్లటి నీళ్లలో ప్రాణాలు పోవడానికి చాలాసార్లు కారణం ఒళ్లు చల్లబడిపోవడం కాదట. అంతకంటే ముందే ఆ మొదటి నిమిషంలో ఎగశ్వాసతో నీళ్లు మింగేయడమట. అందుకే ఈత వచ్చినవాళ్లకైనా సరే, లైఫ్‌జాకెట్‌ తప్పదు.

తెడ్డు వేయడమంటే చేతులతో లాగడం అనుకున్నాను. కాదట. పాదాల్ని పడవలోని ఆనుడుకి తన్ని పెట్టి, వెన్ను నిటారుగా ఉంచి, నడుము పైభాగాన్ని తిప్పుతూ తెడ్డు వేయాలి. కవ్వంతో మజ్జిగ చిలికినట్టు కుడికీ, ఎడమకీ. మోచేతులు భుజాల కంటే పైకి లేవకూడదు. తెడ్డును గట్టిగా బిగించకూడదు. అలా వేస్తే పొట్ట, వీపు, తొడల కండరాలన్నీ పనిచేస్తాయి, భుజం మీద భారం పడదు. ఓ మోస్తరు వేగంతో కయాక్‌ నడపడం, చురుగ్గా నడవడంతో పోల్చదగ్గ వ్యాయామం. పైగా మోకాళ్ల మీద ఒంటి బరువు పడదు. నాలాంటి కీళ్ల నొప్పుల వాళ్లకు ఇదో వరమనిపించింది.

రాతితో పగలగొట్టి, పొట్టమీద భోంచేసి..

హైవే వంతెన కింద నుంచి లోపలికి వెళ్లగానే గాలి తగ్గింది. పోటు మీద వెళ్తున్నాం కాబట్టి తెడ్డు వేయకపోయినా పడవ మెల్లగా సాగుతోంది. గూడబాతులు నీళ్లమీద అంగుళం ఎత్తులో వరసగా పోతున్నాయి. బురద గట్టు మీద సీల్స్‌ ఎండ కాచుకుంటున్నాయి. అప్పుడు కనిపించింది నీటికుక్క. వెల్లకిలా తేలుతూ, రొమ్ము మీద రాయి పెట్టుకుని, దానికేసి గుల్లను టకటకా కొడుతోంది. గుల్ల పగలగానే లోపలిది తినేసి, ఓసారి ఒళ్లంతా దొర్లించి కడుక్కుని, మళ్లీ మునిగింది.

మన కోరింగ మడ అడవుల్లోనూ నీటికుక్కలు ఉంటాయి. అవి ఏటి గట్లమీద తిరిగే వేరే జాతి. ఇవి తినడం, పడుకోవడం, పిల్లల్ని పెంచడం అన్నీ దాదాపు నీళ్లమీదే కానిస్తాయి. ఓ తల్లి తన పొట్టమీద పిల్లను పడుకోబెట్టుకుని తేలుతుంటే మా అమ్మాయి కళ్లార్పలేదు. నేనూ అంతే.

‘‘ఇక్కడ ఆగుదాం. అయిదు పడవల పొడవు దూరం, అంతకంటే దగ్గరికి వద్దు’’ అంది గైడ్‌. అంటే దాదాపు 60 అడుగులు. ఎందుకో చెప్పింది. తిమింగలాలకీ, సీల్స్‌కీ చర్మం కింద మందపాటి కొవ్వు పొర ఉంటుంది. నీటికుక్కకు అది లేదు. దాని దుప్పటి బొచ్చే. మన తల మొత్తం మీద ఉండే వెంట్రుకలు సుమారు లక్ష. దానికి ఒక్క చదరపు అంగుళంలోనే పది లక్షల దాకా ఉండొచ్చు. ఆ బొచ్చు కోసమే 18, 19 శతాబ్దాల్లో వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. కాలిఫోర్నియాలో ఇక లేవనుకున్నాక, 1938లో బిగ్‌ సర్‌ తీరంలో ఓ చిన్న గుంపు లోకం కంటపడింది. ఇప్పుడు ఆ రాష్ట్ర తీరంలో ఉన్న సుమారు మూడు వేలూ ఆ మిగిలిన వాటి సంతతే. వాటిలో వందకు పైగా ఈ ఒక్క పాయలోనే ఉంటాయట.

అవి రావడంతో పాయ కూడా బాగుపడింది. గట్లను బొరియలతో గుల్ల చేసే పీతల్ని ఇవి తినేస్తాయి. నీటికుక్కలు ఎక్కువున్న చోట గట్ల కోత బాగా నెమ్మదించిందని 2024లో నేచర్‌ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది.

‘‘దాని ఒంట్లో నిల్వ అంటూ పెద్దగా ఉండదు. చల్లటి నీళ్లలో వెచ్చగా ఉండాలంటే రోజుకి తన బరువులో పావువంతు తినాలి. మనం దగ్గరికెళ్లి బెదరగొడితే తిండి మానేసి మునిగి పారిపోతుంది. మనకది ఒక ఫొటో. దానికి ఒక పూట భోజనం’’ అంది గైడ్‌.

ఆ మాట వింటూ తలూపాను. పొద్దున సగం ఇడ్లీ తిని, మాత్ర వేసుకుని, గంటన్నరగా తెడ్డు వేస్తున్నది నేనే అన్న ధ్యాస లేదు.

చలిలో చెమటేంటి?

ఇంకో పది నిమిషాలకు వేళ్లు వణకడం మొదలైంది. చలి అనుకున్నాను. తెడ్డు ఎటు వేస్తున్నానో తెలియడం లేదు. వెనక నుంచి అమ్మాయి ‘‘అమ్మా, కుడివైపు వెయ్యి.. కుడివైపమ్మా’’ అంటోంది. వినపడుతోంది కానీ, కుడి ఏదో తట్టట్లేదు. చిరాకేసింది. ‘‘నాకు తెలుసులేవే’’ అని కసిరాను. నేనెప్పుడూ అలా మాట్లాడను.

గైడ్‌ పక్కకొచ్చి నా మొహం చూసింది. నుదుటి మీద, పెదవి పైన చెమట. గడ్డకట్టే చలిగాలిలో చెమట! ‘‘మీకు డయాబెటిస్‌ ఉందా?’’ అంది సూటిగా. నేను నోరు తెరవకముందే వెనక నుంచి అమ్మాయి ‘‘ఉంది’’ అంది. ఆ తర్వాత ‘‘అమ్మా.. రాయలేదా?’’ అంది. ఆ గొంతు ఇప్పటికీ చెవిలోనే ఉంది.

గైడ్‌ కంగారు పడలేదు. పడవలన్నింటినీ పక్కపక్కన చేర్చి, పక్కవాళ్ల పడవ అంచు పట్టుకోమంది. అలా కలిస్తే తెప్పలా కుదురుగా ఉంటాయి, ఒకటి తిరగబడదు. తన సంచిలోంచి జ్యూస్‌ డబ్బా తీసి నాచేత తాగించింది. గడియారం చూసుకుంది. పావుగంట ఎవరూ కదల్లేదు. వణుకు తగ్గి, కుడిచెయ్యి ఏదో నాకు తెలిశాక, తినడానికి బిస్కెట్లు ఇచ్చింది. ఆ పైన అందర్నీ వెనక్కి తిప్పింది. నా తెడ్డు తీసేసుకుంది. మా పడవకి తాడు కట్టి, తనే లాక్కుంటూ వచ్చింది.

తక్కిన ఆరుగురూ ఇంకా లోపలికి వెళ్లి చూడాల్సింది చాలా ఉంది. నావల్ల వాళ్లకది పోయింది. ఎవరూ ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేదేమో. ఒడ్డుకొచ్చాక గైడ్‌ నా చెయ్యి పట్టుకుని, ‘‘ఉందని రాస్తే మిమ్మల్ని ఆపేదాన్ని కాదు. జ్యూస్‌ మీ జాకెట్‌ జేబులో పెట్టి పంపేదాన్ని. ముందు కొంచెం తినిపించేదాన్ని. గాలి లేచే వేళకి ఇది జరిగి, మీరు నీళ్లలో పడి ఉంటే నాకు కష్టమయ్యేది’’ అంది. అక్కడ పొద్దుటిపూట నీళ్లు ప్రశాంతం. మధ్యాహ్నమైతే సముద్రం మీంచి గాలి లేస్తుంది. ఆటు మొదలైతే నీళ్లు రేవు ముఖం వైపు లాగుతాయి.

ఇంటికొచ్చాక మా కాకినాడ డాక్టరుగారికి ఫోన్‌ చేశాం. ముందు బాగా చీవాట్లు పెట్టారు. తర్వాత వివరంగా చెప్పారు. మెట్‌ఫార్మిన్‌ ఒక్కటే వాడేవాళ్లలో షుగర్‌ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్‌ లాంటి మాత్రలు, ఇన్సులిన్‌ వాడేవాళ్లు తక్కువ తిని, ఎక్కువ శ్రమిస్తే పడిపోతుంది. 70 కంటే తగ్గితే వణుకు, చెమట, గుండెదడ, ఆకలి, తికమక, చిరాకు. చల్లటి చోట వణుకుని చలి ఖాతాలో, అలసటని శ్రమ ఖాతాలో వేసేస్తాం. చెమటా, తికమకా కనిపిస్తే మాత్రం అనుమానించాల్సిందే. బీపీకో, గుండెకో బీటా బ్లాకర్‌ రకం మందులు వాడేవాళ్లలో దడ, వణుకు అంతగా బయటపడకపోవచ్చు. వాళ్లలోనూ చెమట మాత్రం పడుతుంది.

మళ్లీ అదే పాయలో

నెల తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి మావారు కూడా పడవెక్కారు, అల్లుడితో కలిసి. ‘నువ్వు మళ్లీ వెళ్తున్నావంటే నేనెలా ఉంటాను ఒడ్డున’ అన్నారు. ఆరోజు మాత్రల సంగతి డాక్టరుగారు ముందే చెప్పారు. కడుపునిండా తిన్నాను. బయల్దేరే ముందు షుగర్‌ చూసుకున్నాను. కాగితంలో వ్యాధి, మందుల పేర్లు అన్నీ రాశాను. అది చదివిన గైడ్‌ నా జాకెట్‌ జేబు తట్టి, జ్యూస్‌ ఉందో లేదో చూసింది. ముప్పావుగంటకోసారి ఆగి, ఏదో ఒకటి తినమంది. అంతే తేడా.

పోయినసారి వెనక్కి తిరిగిన చోటు దాటి, ఇంకా లోపలికి వెళ్లాం. గడ్డి మధ్యలో ఓ తల్లి, పిల్ల. కాస్త ఎదిగింది. మొన్నటిదేనని మనవడి నమ్మకం. దూరంగానే ఆగాం. తల్లి గుల్లను పగలగొట్టి పిల్లకు ఇచ్చి, తనూ తింది. నేను జేబులోంచి ఖర్జూరం తీసి నోట్లో వేసుకున్నాను.

కయాక్‌ ఎక్కబోతున్నారా?

రుషికొండలోనైనా, అండమాన్‌ మడ అడవుల్లోనైనా, విదేశాల్లోనైనా ఈ జాగ్రత్తలు మరవొద్దు.

• మధుమేహం, గుండెజబ్బు, మూర్ఛ, ఉబ్బసం, భుజం జారిన చరిత్ర ఉంటే గైడ్‌కి దాచకుండా చెప్పండి. మీతో ఒకే పడవలో కూర్చునేవారికీ తెలియాలి.

• ఆరోజు మాత్ర, ఇన్సులిన్‌ మోతాదు ఎలా ఉండాలో డాక్టర్‌ని ముందే అడగండి. సొంతంగా మానడం, తగ్గించడం వద్దు.

• ఇన్సులిన్‌, గ్లిమెపిరైడ్‌ వంటివి వాడేవాళ్లు బయల్దేరే ముందు షుగర్‌ చూసుకోవాలి. 100 కంటే తక్కువుంటే కాస్త పిండిపదార్థం తిన్నాకే నీళ్లలోకి దిగండి.

• షుగర్‌ పడిపోయిందనిపిస్తే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు నాలుగు చిన్న చెంచాలు లేదా అరకప్పు పళ్లరసం వెంటనే తీసుకోవాలి. 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. తగ్గకపోతే ఇంకోసారి. కుదుటపడ్డాక బిస్కెట్లో, రొట్టో తినాలి. చాక్లెట్‌లోని కొవ్వు చక్కెర ఒంటబట్టడాన్ని ఆలస్యం చేస్తుంది కాబట్టి, మొదట అది వద్దు.

• స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకూడదు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, అత్యవసర సాయానికి ఫోన్‌ చేయాలి.

• శ్రమ చేసిన చాలా గంటల తర్వాత, రాత్రి నిద్రలో కూడా షుగర్‌ పడిపోవచ్చు. పడుకునే ముందు మరోసారి చూసుకోవడం మంచిది.

• బాత్రూమ్‌ ఉండదని నీళ్లు, తిండి మానేయొద్దు. ప్రయాణానికి ముందు, తర్వాత ఆ సదుపాయం ఎక్కడుందో కనుక్కుంటే సరిపోతుంది.

• మొదటిసారైతే గైడ్‌తో, ఇద్దరు కూర్చునే పడవలో, పొద్దుటిపూట వెళ్లండి. లైఫ్‌జాకెట్‌ను ఒడ్డుకు చేరేదాకా విప్పొద్దు.

• జంతువు మీవైపు చూడటం మొదలుపెట్టిందంటే దగ్గరికి వచ్చేసినట్టే. ఫొటో కోసం ఇంకో తెడ్డు వేయకుండా, నెమ్మదిగా వెనక్కి తగ్గండి.